ద్విక్లచ్చోపాఖ్యానము

ఏడు గేర్లును రెండు క్లచ్చులును గల నా కారు, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దాటి చంపాపేట చేరులోపల, “గేర్‌బాక్స్ వేడెక్కినది, సురక్షిత స్థలమున నిలుపుము” అని ఈ వారములో నాలుగవసారి నన్నాజ్ఞాపించినది. సురక్షిత స్థలమట! ఎడమను సిటీ బస్సు, కుడిని నీళ్ల ట్యాంకరు, ముందు కొబ్బరిబోండాల ట్రాలీ, వెనుక హారనే ఊపిరిగా గల ఆటో.

ఒక క్లచ్చు బేసి గేర్లను, మరియొకటి సరి గేర్లను భరించును. ఒకటి పనిచేయుచుండగనే రెండవది రాబోవు గేరును సిద్ధముచేసికొని కూర్చుండును. బాట సాగినచో ఇది గంధర్వవిద్య. సాగనిచో, నూనెస్నానమునకు నోచుకొనని నా కారు శుష్కక్లచ్చు, పూర్తిగ పట్టుకొనక, పూర్తిగ విడువక, జారుచు, రాచుకొనుచు, తన వేడికి తానే కమలిపోవును. 1939లో ఈ రెండు క్లచ్చుల యూహ చేసిన ఫ్రెంచి ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్, అంతకుముందు రష్యా జారు చక్రవర్తి మోటారుశాలలో కొలువుండి, మంచుపై పరుగెత్తుటకు కార్లకు వెనుకచక్రముల బదులు పట్టాలమర్చిన మహానుభావుడు. మంచును జయించెను గాని, ఉదయము తొమ్మిదింటి చంపాపేటను చూచియుండలేదు.

“సార్, ఇంచించు జరపొద్దు. ముందర గ్యాప్ వదిలి ఒక్కసారే పోనియ్యాలె” అని సర్వీసు సెంటరు కుర్రవాడు ఉపదేశించెను. వదలితిని. ఆ పదడుగుల నేలలోనికి ముగ్గురెక్కిన బైకొకటి, పాలక్యానుల మోపెడొకటి, అడ్డముగ ఒక ఆటోయు ప్రవేశించి, వదలినందుకు నన్నే మందలించినవి.

ఇచ్చట మా కర్మన్‌ఘాట్ పేరును గూర్చి ఒక మాట. ఒక మాటతో పోదు గాని, కారు చల్లారువరకు నాకును పనిలేదు. కాకతీయ ప్రోలరాజు వేటకు వచ్చి యలసి విశ్రమింపగా, పొదలలో రామనామము వినబడి, వెదకినచో ధ్యానమందున్న హనుమంతుడు కానవచ్చెనని స్థలపురాణము. పిమ్మట ఔరంగజేబు గునపముతో గుడి పడగొట్టవచ్చి, పిడుగువంటి గర్జన విని తడబడగా, “కరో మన్ ఘట్”, అనగా మనస్సు గట్టిచేసికొమ్మని, ఒక వాణి పలికెనట. అదియే కర్మన్‌ఘాట్ ఆయెనట. చరిత్రకారులేమందురో గాని, నాకు మాత్రము ఆ వాణి నేటికిని దినమునకు రెండుమార్లు వినబడుచున్నది. పాదుషాకు ఏనుగులుండెను. ఏనుగునకు క్లచ్చు లేదు. నడువుమన్న నడచును, నిలువుమన్న నిలుచును, అలసినను నుదుట ఎఱ్ఱదీపము వెలిగింపదు. అన్నిటికిని మించి, ఏనుగు వచ్చుచున్నదన్నచో ముందు గ్యాపు దానంతటదియే ఏర్పడును. అందులో మోపెడు దూర్చు సాహసి దిల్‌సుఖ్‌నగరునందును లేడు.

ఎడమ మోకాలి నొప్పికని ఈ కారు కొంటిని. ఆ కాలికింకను తెలియదు. ఆగినప్పుడెల్ల లేని క్లచ్చు పెడలును తడవుచుండును. రాబోవు గేరును ముందే సవరించుకొను ఆ రెండవ క్లచ్చును తలచిన నాకు సిగ్గగును. అబ్బాయి చదువైన పిదప, ఇంటి అప్పు తీరిన పిదప, పింఛను వచ్చిన పిదప కాశికి పోదమని నేను నా భార్యతో ముప్పదియేండ్లు చెప్పితిని. అన్నియు అయినవి. ఆమె అడుగుట మానినది.

ఆటోవాడు దిగి వచ్చి అద్దము తట్టెను. “ఏం సార్, కదుల్తదా? లేకుంటె నూకాల్నా?”

ఇంకను రెండు నిమిషములు చల్లారవలెనంటిని.