‘అక్కడ పెట్టి వెళ్లండి’: సటీకా తాత్పర్యం

మూలం: “ఆఁ, అక్కడ పెట్టి వెళ్లండి.”

ప్రతిపదార్థం: ఆఁ = వచ్చిందెవరో చూడకుండానే; అక్కడ = నిరుటి రిపోర్టులు దుమ్ము కొట్టుకుని ఉన్న చోట; పెట్టి = నా చేతికివ్వకుండా; వెళ్లండి = ఇక దయచేయండి. ‘చూపు సెల్‌ఫోను మీదనే ఉంచి’ అని అధ్యాహారం.

తాత్పర్యం: పొద్దుపోయేదాకా కూర్చుని లెక్కలు సరిచూసి, పట్టికలు గీసి, స్పైరల్ బైండింగ్ చేయించి తెచ్చిన గుమాస్తాతో ఆఫీసరు పలికిన వాక్యమిది. ఇందులో తిట్టు లేదు, కోపం లేదు, జీతంలో కోత అసలే లేదు. అయినా మనిషి ఉత్సాహం మీద నీళ్లు చల్లడంలో ఇది తిట్టుకేమీ తీసిపోదని ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం.

ప్రమాణం: 2008లో డాన్ ఏరియలీ, ఎమిర్ కమెనిట్సా, డ్రాజెన్ ప్రెలెక్ ప్రకటించిన ప్రయోగమే ఇందుకు ప్రమాణం. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులకు అక్షరాలు చిందరవందరగా అచ్చేసిన కాగితాలిచ్చి, రెండు ‘ఎస్’లు పక్కపక్కన పడ్డ చోట్లు పది వెతకమన్నారు. మొదటి కాగితానికి 55 సెంట్లు, ఆపై ఒక్కోదానికి 5 సెంట్లు తగ్గింపు, చాలనిపిస్తే లేచిపోవచ్చు. ఒక జట్టు కాగితం మీద పేరు రాసిస్తే, పుచ్చుకున్నవాడు పైనుంచి కిందికి ఓసారి చూసి ఫైల్లో పెట్టేవాడు. రెండో జట్టువి చూడకుండానే దొంతిలో పడేసేవాడు. మూడో జట్టువి కళ్లెదుటే ముక్కలు చేసే యంత్రంలోకి పోయేవి. సగటున మొదటి జట్టు తొమ్మిది కాగితాలు చేస్తే, మూడో జట్టు ఆరు దాటి కాసేపటికే ఆగింది. విశేషమేమంటే, రెండో జట్టూ ఏడుకు చేరలేదు. చూడకపోవడానికీ చింపెయ్యడానికీ మధ్య దూరం అంతే! పైగా మూడో జట్టు పనిని సరిచూసే నాథుడే లేడు. ఉత్తుత్తి గీతలు గీసిచ్చి డబ్బు పుచ్చుకునే వీలున్నా ముందే లేచిపోయారు.

పూర్వపక్షం, సమాధానం: “ఒకటో తారీఖున జీతం పడితే చాలు, చూపులు కూడు పెడతాయా?” అని లోకజ్ఞుల ఆక్షేపణ. నిజమే, జీతం ఆగినవాడికి కావలసింది జీతమే. కానీ పై ప్రయోగంలో మూడు జట్లకూ రేటు ఒక్కటే. తేడా తెచ్చింది డబ్బు కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో చెప్పిందీ దాదాపు ఇదే: జీతం చాలకపోతే అసంతృప్తి పుడుతుంది; చాలినంత మాత్రాన పని మీద మక్కువ పుట్టదు. “అక్షరాలు వెతికే ఆటకూ అసలు ఉద్యోగానికీ పోలికేమిటి?” అంటే, ఇక్కడే కైముతిక న్యాయం చెల్లుతుంది. ఏ అర్థమూ లేని కాగితాన్ని చూడకపోతేనే విద్యార్థికి చెయ్యి ఆడలేదు. నిద్ర మానుకుని చేసిన లెక్కను చూడకపోతే గుమాస్తా సంగతి వేరే చెప్పాలా? ఇక “ప్రతివాణ్ణీ పొగుడుతూ కూర్చునే తీరిక మాకేదీ?” అన్నది ఆఫీసర్ల వాదం. ప్రయోగంలో ఎవరూ ఎవర్నీ పొగడలేదు. ఓసారి చూశారు, అంతే. పొగడ్త నోటికి రానివారు నిరభ్యంతరంగా తప్పులే పట్టవచ్చు. “మూడో పట్టికలో మార్చి లెక్క ఎందుకు తగ్గింది?” అన్న గద్దింపు కూడా గుమాస్తాకు ఆదరణే. తప్పు పట్టాలన్నా చదవక తప్పదు కదా!