సెట్టింగుల పేజీ చిరునామా: టీకా తాత్పర్యము

మూలము:
ఆప్షన్స్-జనరల్.పీహెచ్‌పీ?పేజ్=మై-ప్లగిన్&ట్యాబ్=కలర్స్

(గణములు లెక్కింపకుడు.)

అవతారిక: వర్డ్‌ప్రెస్ ప్లగిన్ రచించిన కవి, తన సెట్టింగుల పేజీని ట్యాబులుగా చీల్చి, ఏ ట్యాబు తెఱచియున్నదో గుర్తుంచుకొనుటకై చిరునామాకు తోక తగిలించుచున్నాడు.

ప్రతిపదార్థము: ఆప్షన్స్-జనరల్.పీహెచ్‌పీ = వర్డ్‌ప్రెస్ సొంత ఫైలునందు (కవిది కాదు సుమీ); ? = ఇకపై వచ్చునది విన్నపమని తెలుపుచు; పేజ్ = పేజ్ అను పారామీటరుచే; మై-ప్లగిన్ = యాడ్_ఆప్షన్స్_పేజ్‌కు నాలుగవ ఆర్గ్యుమెంటుగా ఇచ్చిన స్లగ్గును; & = మఱియు; ట్యాబ్ = కవి కల్పితమైన పారామీటరుచే; కలర్స్ = రంగుల ట్యాబును (చూపుము అని అధ్యాహారము).

తాత్పర్యము: ఓ బ్రౌజరూ! నా ప్లగిన్ పేజీ తెఱచి, అందు రంగుల ట్యాబు చూపుము.

విశేషము: ఇందు 'పేజ్' ప్రాణము. కొందఱు నవకవులు ట్యాబు మార్చుటకు గెట్ మెథడ్‌తో ఫారము పెట్టి, యాక్షన్‌లో మూలమంతయు వ్రాసి నిశ్చింతగా నుందురు. గెట్ ఫారమన్ననో, ప్రశ్నార్థకము తరువాతిదెల్ల తుడిచి తన గడులలోనివే నింపును. 'పేజ్' గల్లంతు. రంగులు మార్చవచ్చిన యజమాని సైట్ టైటిల్, ట్యాగ్‌లైన్, టైమ్‌జోన్‌ల యెదుట తెల్లమొగము వేయును. 'పేజ్'ను హిడెన్ ఇన్‌పుట్‌గా మరల వ్రాయుటయే పరిహారము. లింకులకైతే యాడ్_క్వెరీ_ఆర్గ్ ఉండగా, చేతితో & అతికించుట మోటుపని.

శంక: యాడ్_క్వెరీ_ఆర్గ్ ఫంక్షన్ ఇచ్చిన చిరునామాను అట్లే ముద్రింపవచ్చునా?

సమాధానము: కూడదు. మనము చిరునామా ఇవ్వనిచో అది ప్రస్తుత రిక్వెస్టు చిరునామానే తీసికొనును. అందు ఎవడేమి చొప్పించెనో! 2015 ఏప్రిల్‌లో పెక్కు ప్రసిద్ధ ప్లగిన్లు ఈ దోషము సవరించుటకే ఒక్కుమ్మడిగా అప్‌డేట్లు విడుదల చేసెను. ఎస్క్_యూఆర్ఎల్ గుండా పోయిన పిమ్మటనే ముద్రణ. చదువునప్పుడును 'ట్యాబ్' విలువ మన జాబితాలో లేకున్న మొదటి ట్యాబే గతి.

పాఠాంతరము: సేవ్ నొక్కినంతట చివర '&సెట్టింగ్స్-అప్‌డేటెడ్=ట్రూ' అని చేరును. ఇది ప్రక్షిప్తము. ఆప్షన్స్.పీహెచ్‌పీ మనలను వచ్చిన చోటికే మరలించుచు దీని నంటించును; కాని 4.2 వెర్షన్ నుండి వర్డ్‌ప్రెస్సే అడ్రస్ బారులో దీనిని చెఱిపివేయుచున్నది. కనబడలేదని లేఖకునిపై అలుగరాదు. 'ట్యాబ్' మాత్రము నిలుచును. సొంత పారామీటరును సైతము ఇట్లు చెఱిపింపగోరువాడు దాని పేరు రిమూవబుల్_క్వెరీ_ఆర్గ్స్ ఫిల్టరులో చేర్చునది.