రెండొందల మార్కు రబ్బరు

ఎం.సి. రోడ్డులో పండగ చీర ఎంచడానికి మా ఆవిడకు రెండున్నర గంటలు పడుతుంది. వాషర్‌మెన్‌పేట్‌లో ఇదే రికార్డు అనుకుంటూ వచ్చాను. మా అక్క కొడుకు కారుకు నాలుగు టైర్లు ఎంచడానికి రెండున్నర నెలలు తీసుకున్నాడు.

చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన రాత్రి కార్ల రేసు చూసొచ్చినప్పటి నుంచీ వాడికి పూనకమే. పేటలో కారున్న కుర్రాళ్లందరికీ అదే జబ్బు, పేరు ఆటోక్రాస్. గ్రౌండులో కోన్లు పెడతారు, ఒక్కొక్కడే వెళ్లి మెలికలు తిరిగొస్తాడు, పోటీ గడియారంతో. మొత్తం ఓ నిమిషం. ఆ నిమిషం కోసం మా బావ రెండు నెలల పింఛను రబ్బరైపోయింది.

“ఏమిట్రా వీటి గొప్ప?” అన్నాను.

“టూ హండ్రెడ్ ట్రెడ్‌వేర్, మామయ్యా!” గోత్రం చెప్పినట్టు చెప్పాడు.

ఆ రెండొందల సంగతేమిటో నేనూ కనుక్కున్నాను. అది అమెరికా వాళ్ల అరుగుదల లెక్క. కొలతకు పెట్టుకున్న టైరుకు వంద మార్కులు, దానికి రెండింతలు మన్నితే రెండొందలు. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు గట్టి, ఆయుష్షు అల్పం అని నమ్మకం. మరి మార్కులు వేసేదెవరు? టైరు చేసిన కంపెనీయే. పరీక్ష పెట్టేదీ, పేపరు దిద్దేదీ, ర్యాంకు చాటుకునేదీ వాళ్లే. మన కార్పొరేట్ కాలేజీలకు కూడా ఇంత సదుపాయం లేదు పాపం.

ఇంకా ఉంది. అమెరికాలో ఔత్సాహికులకు ఆటోక్రాస్ పోటీలు పెట్టే ఎస్‌సీసీఏ అనే క్లబ్బు, మామూలు వీధి కార్ల తరగతిలో రెండొందలకు తక్కువ మార్కు టైరు వేయకూడదని నియమం పెట్టింది. కంపెనీలు బుద్ధిగా విన్నాయి. బంకలా అంటుకునే రబ్బరు పోసి, పక్కన 200 అని అచ్చు కొట్టాయి. పెళ్లిచూపుల్లో వరుడి వయసు చెప్పినట్టు! రేసు రబ్బరుకు అడ్డుకట్ట అనుకున్న అంకె, ఇప్పుడు రేసు రబ్బరుకు సైన్‌బోర్డు. మావాడి వాట్సాప్ బొమ్మ కూడా అదే.

ఈ అంకెలను వదలబుద్ధి కావడం లేదు, క్షమించాలి. ఆ క్లబ్బు లెక్కలోనే కోను ఒకటి పడితే రెండు సెకన్ల జరిమానా. మొన్న ఆదివారం మావాడు పడగొట్టినవి నాలుగు. ఎనిమిది సెకన్లు! ఏ దేశపు రబ్బరు తెచ్చిస్తుందయ్యా ఎనిమిది సెకన్లు?

గాళ్లు లేని నున్నటి స్లిక్స్ టైర్లు కావాలనేవాడు ఇంకొకడు. అవి వేడెక్కి పట్టు చూపేలోగా వాడి నిమిషం అయిపోతుంది. ఇంపోర్టెడ్ తప్ప ముట్టనంటాడు వేరొకడు. కూతవేటు దూరంలో తిరువొత్తియూర్‌లో 1946లో బెలూన్ల షెడ్డుగా మొదలైన ఎంఆర్ఎఫ్ వాడి కంటికి ఆనదు. వాల్వుకు ఆకుపచ్చ మూత పెట్టి నైట్రోజన్ కొట్టిస్తారు. బంకులో ఊరికే కొట్టే గాలిలో 78 శాతం అదే. ఆ గాలిని రెండు పౌన్లు పెంచో తగ్గించో చూస్తే బండి నడక మారుతుంది. వీళ్లలో ఒక్కడి దగ్గరా గేజి లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ టైర్లు కొన్నాక గ్రౌండు దొరికే ఆదివారం దాకా ఆగలేక, ప్రాక్టీసు అంటూ రాత్రి పదకొండింటికి ఎన్నూరు రోడ్డెక్కుతున్నారు. ఒళ్లు మండేది ఇక్కడ. హార్బరు కంటైనర్ లారీలు తిరిగే రోడ్డది. అక్కడ కోన్లుండవు. కాసిమేడు నుంచి ఖాళీ బుట్టలతో ఇల్లు చేరే ఆడవాళ్లుంటారు, షిఫ్టు దిగి సైకిలు తొక్కేవాళ్లుంటారు. వాళ్లకు తగిలితే జరిమానా ఎన్ని సెకన్లురా? మెలికలు తిప్పాలంటే గ్రౌండుంది, వేగం కావాలంటే ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకుంది. రోడ్డు మీ అబ్బ సొత్తు కాదు. పైగా ఆ రెండొందల టైర్లకు గాళ్లు తక్కువ. గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలిచే కాలంలో నీటిని చీల్చేది ఆ గాళ్లే.

నిన్న సాయంత్రం మా బావ స్కూటరు మీద మింట్ దాకా వెళ్లొచ్చాను. దిగి వెనక చక్రం తడిమితే, గుండులా నున్నగా తగిలింది. రెండు చక్రాల బండికి కనీసం 0.8 మిల్లీమీటర్ల గాడి ఉండాలంటుంది చట్టం. దీనికి గీత కూడా లేదు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. మేనల్లుణ్ణి పిలిచి చదవమన్నాను.

“వన్ వన్ వన్ ఫైవ్, మామయ్యా” అన్నాడు.

2015, పదకొండో వారం. వాళ్ల నాన్న రోజూ వెళ్లేది ఆ బండి మీదే.