మేము బాధ్యులం కాము

ఈ మధ్య హనుమకొండలో ఏ కొత్త షాపు గుమ్మం చూసినా రెండు దిష్టి తాళ్లు. ఒకటి నిమ్మకాయా మిరపకాయలూ. రెండోది ‘యాజమాన్యం బాధ్యత వహించదు’. మీరూ చూసే ఉంటారు.

మొన్న ఒక మాల్ సెల్లార్‌లో ‘తాళం ఇచ్చి పో సార్, నేను జరుపుకుంట’ అన్నాడు పార్కింగ్ పిల్లగాడు. ఇరవై రూపాయలు తీసుకుని టోకెన్ ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి బండి పడి ట్యాంకుకు సొట్ట. ఇదేందంటే, ‘టోకెన్ వెనక చూడు సార్’ అన్నాడు. తిప్పాను. నువ్వుగింజంత అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’.

బండి నాది, సొట్ట నాది, రిస్కూ నాదే. మీదంటూ మిగిలింది నా ఇరవై రూపాయలేనా?

పైగా ఆ షరతు ఎప్పుడు చూపించారు? డబ్బు తీసుకున్నాక, బండి లోపలికి పోయాక. పెళ్లయ్యాక శుభలేఖ వెనక కట్నం లెక్క అచ్చేసినట్టు!

పరాయి వస్తువు చేతికొస్తే, మామూలు మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 1872 కాంట్రాక్టు చట్టంలో 151వ సెక్షన్ చెబుతోంది. ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో 1998లో సిబ్బంది తాళం తీసుకున్న మారుతి జెన్ కారు పోయింది. ఆ టోకెన్ మీదా ఇదే మంత్రం. సొంత నిర్లక్ష్యాన్ని ఆ మాట కాపాడదని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కారు దగ్గర పారని మంత్రం నా బండి దగ్గర పారుతుందా?

లాండ్రీవాళ్లు చీర పోగొట్టి, ధరలో ఇంత శాతమే ఇస్తామంటే చెల్లదని మద్రాసు హైకోర్టు 1960ల్లోనే చెప్పింది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ బోర్డు కూడా లోపమున్న సరుకుకు వర్తించదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా బావ పత్తి అమ్మిన పైసలు తెచ్చి, బిడ్డను హాస్టల్‌లో వేస్తూ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు: ‘విద్యార్థికి ఏ ప్రమాదం జరిగినా మేము బాధ్యులం కాము’. సిగ్గుండాలె. పిల్ల తినే అన్నం మీరు వండుతారు, పడుకునే గదికి కరెంటు తీగలు మీరు లాగుతారు. ఆమెకేమైనా అయితే మాత్రం తండ్రి సంతకం అడ్డం పెట్టుకుంటారా? ఒకరి నిర్లక్ష్యంతో ఇంకొకరికి దెబ్బ తగిలితే, అగ్రిమెంటే లేకపోయినా నష్టం కట్టించే చట్టం ఉంది. టార్ట్ అంటారు. జప్తు చేసిన ఎరువులను పాడుచేసి, మేం సర్కారోళ్లం అని తప్పించుకోబోయిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాన్నే 1994లో నాగేంద్రరావు కేసులో సుప్రీంకోర్టు వదల్లేదు. హాస్టల్ యాజమాన్యం సర్కారు కంటే పెద్దదా?

ట్యాంకు రిపేరు బిల్లు, టోకెన్‌కు రెండు వైపులా తీసిన జిరాక్సు జతచేసి వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇచ్చొచ్చాను. మనం కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. మీ టోకెన్లు పారేయకండి.