మీటరు మామయ్య

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టీడీఎస్ మీటరు ఉంటే ఆయన మీటరు మామయ్య. మీ చుట్టాల్లోనూ ఒకాయన ఉండే ఉంటాడు. రిటైరై ఏడాది తిరక్కుండానే హైదరాబాదుకు రెండు గంటల దూరంలో అరెకరం వెతకడం మొదలుపెడతాడు.

మా మామయ్యకు ఈ మీటరు పిచ్చి పట్టించింది నీళ్ల మిషన్లు అమ్మే కుర్రాడు. మీటరు కుళాయి నీళ్లలో ముంచి 480 చూపించాడు, తన మిషన్ నీళ్లలో ముంచి 35 చూపించాడు. మామయ్య మిషనుతోపాటు మీటరు కూడా కొన్నాడు. ఇక ఆయన ముంచని పాత్ర లేదు. పెళ్లి భోజనాల దగ్గర గ్లాసులో ముంచాడు, కొబ్బరిబొండంలో ముంచాడు, గుళ్లో ఉద్ధరిణిలో ముంచబోతే పూజారి గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఇంట్లో చారులో ముంచిన రోజున మాత్రం అంకెలు చాలక మీటరే నోరు మూసుకుంది. అత్తయ్య రెండు రోజులు చారు పెట్టలేదు.

నల్లగొండ జిల్లాలో పొలం చూడ్డానికి నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. మోటారు వేసి పెద్దాయన చెంబుతో నీళ్లిచ్చాడు.

"మా నీళ్లల్ల పప్పు మెత్తగ ఉడుకుతది సారూ. సబ్బు కూడ మంచిగ నురగొస్తది."

మామయ్య మీటరు ముంచాడు. 410.

"ఐదొందల లోపే! తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫస్టు క్లాసులో పాసు!" అన్నాడు.

పెద్దాయన సంతోషంగా నవ్వాడు. ఆ పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. మామయ్య చూపు ఇంకా 410 మీదే ఉంది.

ఆ మీటరు చేసేది ఒక్కటే పని. నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, కరిగిన లవణాలు మొత్తం ఇంత ఉండొచ్చని లెక్కగట్టి చెబుతుంది. ఆ లవణాలేమిటో దానికి తెలీదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. 410లో ఆ ఒకటీ రెండూ ఏ మూల? పైగా పప్పు త్వరగా ఉడికేది సున్నం తక్కువ, సోడా ఎక్కువ ఉన్న నీళ్లలో. గ్రానైటు రాతి పొరల్లోంచి ఫ్లోరైడ్ బాగా కరిగి దిగేదీ అలాంటి నీళ్లలోనే. పప్పు అబద్ధమాడలేదు, పళ్ల సంగతి దాన్నెవరూ అడగలేదు.

మట్టి పరీక్ష ఇంకో ఘట్టం. పొలంలో ఎనిమిది, పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, గోడ చెక్కిన మట్టినంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తేవాలి. చెట్ల కింద, గట్ల మీద, పెంటకుప్పల దగ్గర తియ్యకూడదు. ఇవన్నీ రాసిన కాగితం మామయ్య చదివాడు కూడా. కానీ ఎండ మండిపోతోంది. పొలం మొత్తానికి నీడ ఉన్నది చింతచెట్టు కిందే. అక్కడే కూర్చుని ఒకే గుంట తవ్వి సంచి నింపేశాడు.

"అది బర్రెలు కట్టేసే జాగ సారూ," అన్నాడు పెద్దాయన.

"మట్టి మట్టేనయ్యా!"

రిపోర్టులో సేంద్రియ కర్బనం 'ఎక్కువ' అని వచ్చింది. మామయ్య దాన్ని లామినేషన్ చేయించి హాల్లో పెట్టాడు. న్యాయంగా అయితే ఆ రిపోర్టు బర్రెల కొట్టంలో వేలాడాలి.

నీళ్ల శాంపిలు మొదట పచ్చడి సీసాలో పట్టుకెళ్తే ల్యాబు వాళ్లు తిప్పి పంపారు. ఫ్లోరైడ్‌కు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావాలి, అదీ మోటారు కాసేపు నడిచి గొట్టంలో నిలవ నీళ్లు పోయాక పట్టాలి. రెండోసారి సరిగ్గా పట్టుకెళ్లాడు. ఫలితం 2.6.

"వీళ్ల దగ్గర మంచి మీటరు లేదేమోరా!" అన్నాడు ముందు. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజున పండితుడై లేచాడు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బును 1937లోనే దర్శి, పొదిలి వైపు గుర్తించి రాశారనీ, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లను బాగుచేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారనీ, పళ్ల మీద చారలు చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్లేననీ పాలవాడికి కూడా చెప్పాడు. మీటరు జేబులోంచి సొరుగులోకి పోయింది. అత్తయ్య మళ్లీ చారు పెట్టింది.

పోయిన నెల మా చెల్లెలికి పెళ్లిచూపులు. అబ్బాయిది నల్లగొండ వైపే. కాఫీలయ్యాయి, జీతం గురించి మాటలయ్యాయి. మామయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"బాబూ, ఒక్కసారి నవ్వు."

అబ్బాయి సిగ్గుపడుతూ నవ్వాడు. మల్లెమొగ్గల్లాంటి పళ్లు.

మామయ్య వెనక్కి వాలి, మా నాన్న చెవిలో అందరికీ వినపడేలా చెప్పాడు.

"బావా, హాస్టల్లో చదివినట్టున్నాడు. వాళ్ల బోరు సంగతి మనకింకా తెలీదు."