ఓయీ, ఓరీ, ఓసీ

ఆ పాట మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. రాకపోతే సాయంత్రానికి వస్తుంది. డ్రోన్ కెమెరా ఆకాశం నుంచి దిగుతుంది, డప్పు మోగుతుంది, బుగ్గ మీద బొగ్గు మసిని దిష్టిచుక్కంత పొందిగ్గా పెట్టుకున్న కుర్రాడు తలెత్తి నవ్వుతాడు. ఆ పళ్లు చూస్తే బాయి దిగి వచ్చినవాడిలా లేడు, టూత్‌పేస్టు ప్రకటనలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. ఏ కంపెనీదని అడక్కండి. ఏ బొగ్గు కంపెనీకి తొడిగినా సరిపోయే చొక్కా అది.

గనుల్లో రక్షణ పక్షోత్సవాలంటే ఇదివరకు బ్యానర్లు, ప్రతిజ్ఞలు, పిల్లలకు వ్యాసరచన పోటీలు. ఇప్పుడు పాట ఫ్యాషనైంది. అదీ మామూలు పాట కాదు, జానపదం. బాణీ కార్మికులది, డప్పు కార్మికులది, యాస కార్మికులది. మాటలు మాత్రం కంపెనీవి. చివరికి బతుకమ్మ పాట నడకను కూడా వదల్లేదు.

డప్పుతో నాకు పేచీ లేదు. కొట్టినాయన చేతులకు దండం. నా గొడవంతా సంబోధనతో.

విభక్తులు బట్టీ పట్టినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఓయి, ఓరి, ఓసి సంబోధన ప్రథమా విభక్తి. ఎవరిని పిలుస్తున్నామో చెప్పే విభక్తి. ఈ పాటలో పిలుపు ఒక్కటే, తమ్ముడా. తమ్ముడా టోపీ పెట్టుకో, తమ్ముడా బూట్లు తొడుక్కో, తమ్ముడా తాగి దిగకు, తమ్ముడా తొందరపడకు, తమ్ముడా ఇంటికాడ నీ బిడ్డ ఎదురుచూస్తోంది. ఎన్ని తమ్ముడాలో లెక్కపెడదామని కూర్చుంటే చేతివేళ్లు అయిపోయి కాలివేళ్ల దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఏ దేశంలోనైనా గనికార్మికుల పాట పుట్టింది పైకి పిలవడానికి. దొరా అని, యజమానీ అని, సర్కారూ అని. అడిగేవాడు కింద ఉంటాడు, జవాబు చెప్పాల్సినవాడు పైన ఉంటాడు. కంపెనీ ఆ పాటను తెచ్చుకుని, బాణీ చెడకుండా, తలకిందులు చేసింది. ఇప్పుడు పైనున్నవాడు పిలుస్తాడు, కిందున్నవాడు జవాబు చెప్పుకోవాలి. అప్పు తీసుకున్నవాడే ఎదురొచ్చి బాకీ తీర్చమన్నట్టుంది.

ఇందులో వ్యాకరణం ఇంకా ఉంది, వినండి. ఉత్పత్తి లక్ష్యం దాటిన రోజు కంపెనీ భాష ఉత్తమ పురుష బహువచనం: మనం సాధించాం. పక్షోత్సవాల్లో మధ్యమ పురుష ఏకవచనం: నీ రక్షణ నీ చేతుల్లోనే. బండ కూలిన మర్నాడు ప్రథమ పురుష: అతను నిబంధనలు పాటించలేదు. ముగ్గురు పురుషులూ అయిపోయారు. బాధ్యుడైన పురుషుడు మాత్రం ఏ పాఠంలోనూ తగల్లేదు.

అందుకని నేనే ఒక పాట రాశాను. ఓ ఏజెంటు గారూ, తవ్వి వదిలేసిన పాత వర్కింగుల మ్యాపు ఒక్కసారి దులిపి చూడండి. ఓ మేనేజరు గారూ, గాలి సరిపోవడం లేదని ఓవర్‌మన్ రాసిన కాగితం మీద సంతకం పెట్టేముందు చదవండి. ఓ డైరెక్టరు గారూ, రూఫ్‌బోల్టుల ఇండెంటు తమరి బల్ల మీద నిద్రపోతోంది, జోల ఆపండి. ప్రాస కుదరలేదు. కుదిరినా ఏ పక్షోత్సవంలోనూ పాడనివ్వరు.

మా మేనమామ కోల్‌ఫిల్లరుగా బొగ్గెత్తే తట్టా చెమ్మాసుతో బతుకంతా వెళ్లదీసి రిటైరయ్యాడు. ఆ కంపెనీ పాట వినిపించాను. చివరిదాకా విన్నాడు.

“పాట మంచిగనే ఉన్నది గని అల్లుడా, సురువు కాంచి ఆఖరుదాక నన్నే అంటున్నది.”

ఆ మాట విన్నాక నాకు నవ్వు పోయింది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఆ 17 మందిలో ఎవరు బూట్లు వేసుకోలేదని పాడతారు? 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలాలో, పైనున్న పాత గనిలో నిలిచిన నీళ్లు కింది గని మీద పడ్డాయి. 370 మందికి పైగా పోయారు. నీళ్లు వచ్చేముందు టోపీ పెట్టుకున్నావా తమ్ముడా అని అడగవు. పాత వర్కింగుల్లో ఎంత నీరుంది, మధ్యలో వదిలిన బొగ్గు గోడ మందం ఎంత, మ్యాపులో గీత నిజమా అబద్ధమా, ఇవన్నీ తెలుసుకోవాల్సింది ఎవరు? ఫిల్లరా? వాడికి సర్వే మ్యాపు ఎప్పుడైనా చూపించారా? జీతం తీసుకుని, చట్టప్రకారం సర్టిఫికెట్లు పొంది, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల పని అది. ఆ పని చేయకపోవడానికి డప్పు కొట్టడం ప్రాయశ్చిత్తం కాదు. సిగ్గులేనితనం.

చాస్నాలా ఆధారంగా ‘కాలా పత్థర్’ సినిమా 1979లో వచ్చింది, పాటలతో సహా. ఇద్దరు అధికారులు దోషులని ధన్‌బాద్ కోర్టు తేల్చింది మాత్రం 2012లో. శిక్ష ఏడాది జైలు. పాటకు 4 ఏళ్లు పట్టింది, తీర్పుకు 36 ఏళ్లు. దశాబ్దాల పాటు మనల్ని ఏలిన 1952 గనుల చట్టంలో, నిబంధన తప్పినందువల్ల మనిషి ప్రాణం పోతే గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ డ్రోను అద్దె అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

కార్మికుడి పాటను కంపెనీ పాటగా మార్చే ఈ విద్య మనవాళ్లు కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో కంపెనీ కొట్టుకు బాకీపడి నలిగిన గనికార్మికుడి పాట ‘సిక్స్‌టీన్ టన్స్’ను 2005లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు అందమైన మోడళ్ల చేతికి పారలిచ్చి, బొగ్గు ఎంత శుభ్రమో చెప్పే ప్రకటనకు వాడుకున్నారు. 2009 సెప్టెంబర్‌లో, అమెరికా కార్మిక దినోత్సవాన, మాసీ ఎనర్జీ కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ వెస్ట్ వర్జీనియాలో జెండా బొమ్మ చొక్కా తొడుక్కుని జనానికి ఉచితంగా పాటకచేరీ పెట్టించాడు. ఏడు నెలలకు, 2010 ఏప్రిల్ 5న, అదే కంపెనీ అప్పర్ బిగ్ బ్రాంచ్ గని పేలి 29 మంది చనిపోయారు. ప్రమాదకర పరిస్థితులు రాసుకోవడానికి ఒక పుస్తకం, ఇన్‌స్పెక్టర్లకు చూపడానికి ఇంకో పుస్తకం ఉండేవని విచారణలో తేలింది. ఆయనకు పడింది ఏడాది జైలు. చాస్నాలాకు ఏడాది, ఇక్కడా ఏడాది. ధర ఎవరో ముందే మాట్లాడి పెట్టినట్టుంది. జైల్లో కూర్చుని తనను తాను రాజకీయ ఖైదీ అనుకున్నాడాయన. కనీసం తమ్ముడా అని పాడలేదు, అంతవరకు నయం.

ఇక ఓసీ సంగతి. బొగ్గుబెల్టులో ఓసీ అంటే విభక్తి కాదు, ఓపెన్‌కాస్టు. లోపలి గనుల కంటే ఇదే క్షేమం అంటారు. కావచ్చు. దాని కిందికి వెళ్లే ఊరికి ఎవరూ ఏ పాటా పాడరు.

ఈసారి పక్షోత్సవాల్లో పాటల పోటీ కూడా ఉందట. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు, సేఫ్టీ వాల్వుతో సహా. వెళ్లి పాడరాదా అని మామను కదిపాను. ఒకప్పుడు గుడిసెల ముందు కూర్చుని తెల్లవార్లూ పాడినవాడే.

“జడ్జీలు ఎవలట?”

పేర్లు చదివాను. ముగ్గురూ పెద్ద సార్లే, ముందు వరసలోనే కూర్చుంటారు.

మామ గొంతు సవరించుకున్నాడు. “అయితే మంచిదే. దొరా అని మొదలువెట్టనా?”