గ్లౌజు పద్యానికి టీకా తాత్పర్యం

తే.గీ.
వెనుక మెఱసెడి బొడిపెల వెలఁ గనకుము
అరయు మరచేతి మొదలికి నండ యేదొ
కట్టు బిగియించి లాగినఁ గదలరాదు
ఎండఁ బెట్టకు నీడలో నింట నార్చు

అవతారిక. సి.పి. బ్రౌన్ 1820లలో కడపలో ఉన్నప్పుడు పండితులకు జీతాలిచ్చి తన బంగళాలో కూర్చోబెట్టి తాళపత్రాలు సరిచూపించాడు. జూలూరి అప్పయ్య చేత మనుచరిత్రకు, వసుచరిత్రకు వ్యాఖ్యలు రాయించాడు. అలాంటి గడ్డ మీద పద్యమంటూ పుట్టాక టీక లేకుండా వదిలేస్తే బాగుండదు. పై పద్యం మాత్రం ఏ తాళపత్రంలోనూ లేదు. టీక రాయాలన్న దురద ముందు పుట్టింది, దాని కోసం పద్యం తర్వాత పుట్టింది. విషయం, రేస్ ట్రాక్ మీద మోటార్‌సైకిల్ తోలేవాళ్ల గ్లౌజులు. రాయలసీమలో కడప, కర్నూలు వైపు చెప్పుకోదగ్గ ట్రాక్ లేదు కదా, ఇక్కడివాళ్లకు ఈ గొడవ ఎందుకన్న అనుమానం మొదట్లోనే తీర్చుకోవాలి. కర్నూలులో బయల్దేరిన 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, చిత్తూరు దాటి రాణిపేటలో ముగుస్తుంది. అక్కడ చెన్నై రోడ్డెక్కితే శ్రీపెరుంబుదూరు అవతల ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి ట్రాక్ వస్తుంది. 1990లో తెరిచారు, చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. మన కుర్రాళ్లకు ట్రాక్ అంటే అదే. దారిలో తగిలే రాణిపేట తోళ్ల ఊరు కావడం ఈ టీకకు బాగా పనికొచ్చే సంగతి.

ప్రతిపదార్థం. వెనుక = చేతి వీపున; మెఱసెడి = షాపు లైట్ల కింద తళతళలాడే; బొడిపెల = పిడికిలి కణుపుల మీద బిగించిన కార్బన్, ప్లాస్టిక్ గుబ్బల యొక్క; వెలన్ = ధరను; కనకుము = చూసి మోసపోకుము; అరచేతి మొదలికిన్ = మణికట్టుకు ఆనుకొని, కింద పడేటప్పుడు అందరికన్నా ముందు నేలను పలకరించే భాగానికి; అండ = ఆసరా; ఏదో = ఎక్కడ, ఎలా ఉన్నదో; అరయుము = తిరగేసి చూడుము; కట్టు = మణికట్టు పట్టీని; బిగియించి = బిగించి; లాగినన్ = రెండో చేత్తో వేళ్ల కొసలు పట్టి ఊడలాగితే; కదలరాదు = ఊడిరాకూడదు; ఎండన్ = ఎండలో; పెట్టకు = పెట్టవద్దు; ఇంటన్ = ఇంటిలోపల; నీడలోన్ = నీడపట్టున; ఆర్చు = ఆరనిమ్ము. మొదటి పాదం చివర, మూడో పాదం చివర సంధి చేయకుండా అచ్చుతో కొత్త పాదం ఎత్తుకోవడం విసంధి దోషమే. కవి పండితుడు కాడు, మెకానిక్కు అయి ఉండాలి, క్షమించవచ్చు.

తాత్పర్యం. గ్లౌజును వీపు వైపు నుంచి కాక అరచేతి వైపు నుంచి చదవాలి. చదివి కొన్నాక ఎండ నుంచి కాపాడుకోవాలి.

వ్యాఖ్య. మొదటి రెండు పాదాలకు ఆధారం కవి ఊహ కాదు, మనిషి ఒంటి అలవాటు. బండి జారినప్పుడు ఎవరూ పిడికిలి బిగించి కణుపులతో నేలను గుద్దరు. చేయి చాపి అరచేయి ఊనతారు. ఆ ఊనిక బరువంతా మణికట్టులో బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక మీద పడుతుంది. జీడిపప్పు ఆకారంలో ఉండే ఆ ఎముకే మణికట్టు ఎముకలన్నింటిలోకీ ఎక్కువగా విరిగేది. దాని నెత్తురు సరఫరా కూడా చిత్రమైనది. చాలావరకు వేళ్ల వైపు కొస నుంచి లోపలికి, అంటే వెనక్కి ప్రవహిస్తుంది. మధ్యలో విరిగితే మోచేతి వైపున్న ముక్కకు నెత్తురు అందక అతకడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఆ ముక్క చచ్చుబడుతుంది. పైగా మొదటి ఎక్స్‌రేలో విరుపు కనబడకపోవడం కూడా ఉంది. బెణికిందిలే అనుకుని పట్టు వేసుకుని తిరిగేవాళ్లు అందుకే ఎక్కువ. కట్టు వేస్తే వారాలు కాదు, నెలల లెక్క. ఇదంతా తెలిశాక రెండో పాదంలోని 'అండ' ఏమిటో దానంతటదే అర్థమవుతుంది. అది స్లైడర్. అరచేతి మొదట్లో తోలు మీద కుట్టిన నున్నటి గట్టి ప్లాస్టిక్ బిళ్ల. దాని పని దెబ్బను మింగడం ఒక్కటే కాదు, జారడం. ఉత్త తోలు తారును పట్టేస్తుంది. చేయి అక్కడే ఆగిపోయి ఒళ్లు ముందుకు పోతే మధ్యలో మణికట్టు మెలిపడుతుంది. బిళ్ల ఉంటే చేయి కూడా ఒంటితో పాటు జారిపోతుంది.

ట్రాక్ విషయంలో ఈ వాదానికి బలం ఇంకా ఎక్కువ. ఊళ్లో పడితే ఎదురుగా కారో, డివైడరో, కరెంటు స్తంభమో ఉంటుంది. ట్రాక్‌లో చాలాసార్లు మలుపులో టైరు జారి, మనిషి బండి వెనకాలే చాలా దూరం రాసుకుంటూ పోతాడు. అందుకే అక్కడ గ్లౌజును సెకన్లలో కొలవాలి. యూరప్‌వాళ్ల మోటార్‌సైకిల్ గ్లౌజుల ప్రమాణం ఈఎన్ 13594 చేసేది అదే. 2015 నాటి ఆ పాఠం ప్రకారం తిరిగే గరుకు పట్టీకి అరచేతి తోలును ఆనిస్తే మొదటి లెవెల్‌కు 4 సెకన్లు, రెండో లెవెల్‌కు 8 సెకన్లు చిరగకుండా నిలవాలి. కణుపుల రక్షణ మొదటి లెవెల్‌లో ఉంటే ఉండవచ్చు, లేకపోయినా గ్లౌజు పాసవుతుంది. ఉంటే లేబుల్ మీద కేపీ అన్న అక్షరాలు పడతాయి. రెండో లెవెల్‌లోనే అది తప్పనిసరి. మన పద్యం వరసకూ ఆ ప్రమాణం వరసకూ ఇలా పొత్తు కుదరడం వ్యాఖ్యాతకు ఆనందం కలిగించింది. మన దేశంలో తలకు మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ఉంది, హెల్మెట్ మీద ఐఎస్ఐ ముద్ర ఉంది. ఆ సెక్షన్ చేతుల దాకా దిగిరాలేదు. కాబట్టి కొనేవాడు లేబుల్ తిరగేసి చూసుకోవడమే గతి.

ఇక్కడ ఒక పూర్వపక్షం. బండి ఎగిరి చేతి మీద పడవచ్చు, వెనకాల వచ్చేవాడి చక్రం తగలవచ్చు, బొర్లినప్పుడు చేతి వీపే తారుకు రాసుకోవచ్చు. అప్పుడు కాపాడేవి బొడిపెలే కదా, కవి వాటిని తీసిపారేశాడేం? ఈ ఆక్షేపణలో నిజం ఉంది, దాటవేయడానికి వీల్లేదు. కానీ కవి బొడిపెలు వద్దనలేదు, వాటి వెల చూడవద్దన్నాడు. కర్నూలు బజారులో ఏ షాపుకు వెళ్లినా, మూడొందల గ్లౌజుకు కూడా కణుపుల మీద ఏదో ఒక నల్లటి గుబ్బ ఉంటుంది. అన్నింటికీ ఉన్నది చూసి మంచిదాన్ని ఏరడం కుదరదు. అరచేతి మొదట్లో స్లైడరు, దాని కింద రెండో పొర తోలు, చిటికెన వేలిని ఉంగరపు వేలికి కలిపి కుట్టిన వంతెన, ఇవి కొన్నింటికే ఉంటాయి. ఒంటరిగా ఉన్న చిటికెన వేలు తారు మీద ఈడ్చుకుపోతుంది కాబట్టే ఆ వంతెన. ఏరడానికి పనికొచ్చే గుర్తులు ఇవి. పైగా ఇవి పెట్టిన తయారీదారుడు కణుపులను మరిచిపోవడం అరుదు. తిరగేసి చెబితే నిలవదు.

స్లైడరు ఉందని సంబరపడిపోకూడదు. గ్లౌజు తొడుక్కుని హ్యాండిల్ పట్టుకున్నట్టు పిడికిలి ముడిచి చూడాలి. బిళ్ల గ్రిప్ కిందికి దూరి అరచేతిని నొక్కితే రెండు ల్యాపుల్లోనే చేయి తిమ్మిరెక్కుతుంది. అది గ్రిప్‌కు ఎడంగా, మణికట్టు వైపున కూర్చోవాలి. వేళ్లు చాచినప్పుడు సరిపోయిన గ్లౌజు ముడిచినప్పుడు కొసల్లో పట్టేస్తుంది; ముడిచే కొలవాలి. తోలు కొంత సాగుతుంది కనుక కొత్తలో బిర్రుగా ఉన్నా పరవాలేదు, అరచేతిలో మడత పడేంత వదులు మాత్రం వద్దు. కుట్టుకు ఇటూ అటూ పట్టుకుని కొద్దిగా విడదీస్తే దారాల మధ్య సందులు తెరుచుకుంటున్నాయా అని చూడడం మరో పరీక్ష. తోలు ఎంత మందమైనా కుట్టు తెగితే గ్లౌజు విచ్చుకుంటుంది. ఇక మూడో పాదం. దానికి పెద్ద వ్యాఖ్య అక్కర్లేదు. ఊడిపోయిన గ్లౌజు ఎన్ని సెకన్ల పరీక్ష పాసైనా చేతికి దక్కేది సున్నా. మణికట్టు చుట్టూ ఒక పట్టీ, సూట్ చేతిని కప్పేసే పొడవాటి కఫ్ మీద ఇంకొకటి ఉండి, రెండూ బిగించాక ఎంత లాగినా రాకూడదు. షాపువాడు ముఖం చిట్లిస్తే చిట్లించనీ, గట్టిగానే లాగాలి.

తోలు సంగతి. పాతకాలం తోలు ఊనడానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. దక్షిణాదిన ఈస్ట్ ఇండియా తోలు అని పేరుపడ్డ సరుకు ఆ తంగేడు చలవే. సీమ బీళ్లలో పచ్చగా పూసే ఆ చెట్టును చూసి, మన తోలే చాలదా అని దేశాభిమానులు అడగవచ్చు. చెప్పులకు, బెల్టులకు, పెట్టెలకు చాలు. గ్లౌజుకు క్రోమియంతో ఊనిన తోలే మేలు. అది మెత్తగా ఉంటుంది, తడి వేడిని చెట్టు చెక్కతో ఊనిన తోలుకన్నా ఎక్కువ తట్టుకుంటుంది, చెమటకు అంత తొందరగా బిరుసెక్కదు. దేశాభిమానానికి ఇందులో లోటేమీ లేదు. ఆ తోలునూ 40వ నంబరు రోడ్డు చివర రాణిపేటలోనే ఊనుతారు. తోలు శాస్త్రమంటే చెన్నై అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ, దాన్ని నడిపిన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ గుర్తుకు రావాలి. గుంటూరు ప్రాంతం నుంచి వెళ్లి, అంటరాని పనిగా చూసిన తోలును ప్రయోగశాలలోకి తెచ్చిన మనిషి, 1985లో కూలిన కనిష్క విమానంతో పాటు పోయారు. జాతుల విషయానికొస్తే మేకతోలు పలచనైనా గట్టిది, చేతికి బాగా ఒదుగుతుంది. ఖరీదైనవాటిలో అరచేతికి కంగారూ తోలు వేస్తారు; అంత పలచనలో అంత బలం ఇంకోదానికి లేదు. ఆవుతోలు మందం, మన్నిక. కాని గ్రిప్ తెలియడం తగ్గుతుంది.

రెండో పూర్వపక్షం ఎండది. సీమలో ఇది అసలైన ఆక్షేపణ. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల, కర్నూలు పాదరసం 44, 45 డిగ్రీలు తాకుతుంది. ఆ వేడిలో తోలు గ్లౌజు తొడగడం శిక్ష కాదా, వల గుడ్డ గ్లౌజు చాలదా అంటారు. దీనికి 2023 సెప్టెంబరులో నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ భారత్ రేసే సమాధానం. ఆ ఉక్కపోతకు నిర్వాహకులు పెద్ద రేసును 24 ల్యాపుల నుంచి 21కి కుదించారు. అయినా రైడరు జోర్జ్ మార్టిన్ రేసు ముగిసేసరికి ఒంట్లో నీళ్లు తగ్గి సోలిపోయాడు. తగ్గించింది ల్యాపులనే, గ్లౌజులను కాదు. వేడికి మందు నీళ్లు తాగడం, విరామాలు పెంచుకోవడం, చేతి వీపున, వేళ్ల సందుల్లో సూది రంధ్రాలున్న తోలు ఎంచుకోవడం. అరచేతిలో మాత్రం రంధ్రాలు ఉండకూడదు. గాలి కోసం నేలకు తగిలే చోటే చిల్లులు పొడవడం తెలివైన బేరం కాదు. వల గుడ్డ గ్లౌజు ఊళ్లో మార్కెట్‌కు వెళ్లడానికి నయమే, ట్రాక్‌కు రాదు.

మూడోది డబ్బు. కవి వెల చూడవద్దన్నది బొడిపెలకే తప్ప గ్లౌజు ఊరికే వస్తుందని కాదు. పైన చెప్పినవన్నీ ఉన్నది కొనాలంటే కొన్ని వేలు పెట్టాలి, విదేశీ బ్రాండైతే అంతకు రెండు మూడింతలు. పద్యంలోని పరీక్షలు నెగ్గే స్వదేశీ గ్లౌజు దొరికితే బ్రాండు కోసం అదనంగా పెట్టనక్కర్లేదు. మిగిలిన డబ్బు బ్రేకు ప్యాడ్లకు పోతే మంచిది. ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంత ఖర్చు పెట్టాం కదా అని కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్‌ను ట్రాక్ చేసుకునేవాళ్లు ఉంటారు. ఎదురుగా లారీ వచ్చే చోట ఏ స్లైడరూ పనికిరాదు. ఆ ఘాట్‌కు వెళ్లేది అక్కడ పేరుపడ్డ పాలకోవా కోసం.

నాలుగో పాదానికి పాఠాంతరం ఉంది. 'నీడలో నింట నార్చు' బదులు 'మిద్దె మీఁదనె యార్చు' అని సీమలో చాలామంది చదువుతారు, చదవడమే కాదు ఆచరిస్తారు కూడా. వడియాలు, మిరపకాయలు, బట్టలు అన్నీ మిద్దె మీదే ఆరతాయి కదా, గ్లౌజులకేం రోగం? ఈ పాఠం అగ్రాహ్యం. మొదటిది, అలా చదివితే తేటగీతి గణాలు కుదరవు. రెండోది, మధ్యాహ్నపు కడప బండ మీద తడి తోలు పెడితే తోలుకు మెత్తదనమిచ్చే నూనెలు నీటితో పాటే పోయి, అట్టలా గట్టిపడి, ముడతల దగ్గర పగుళ్లు తీస్తుంది. ఇంజను మీద, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టడం కూడా ఇదే పాపం కిందికి వస్తుంది. సీమ గ్లౌజుకు వానకన్నా చెమట పెద్ద శత్రువు. ఆరిన ప్రతిసారీ చెమట ఉప్పు లోపలి పొరలో మిగిలిపోయి తోలును బిరుసు చేస్తుంది, కుట్టు దారాన్ని తింటుంది. అందుకని ట్రాక్ రోజు అయ్యాక బ్యాగులో కుక్కకుండా, తడి గుడ్డతో పైన తుడిచి, లోపల ఉప్పు పేరుకుంటే గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా మెత్తని సబ్బుతో చేతికి తొడుక్కునే కడిగి, బాగా పిండకుండా అదిమి, ఫ్యాను గాలికి వేళ్లు కిందికి వేలాడేలా పట్టీ దగ్గర తగిలించాలి. పూర్తిగా ఆరకముందే ఒకసారి తొడుక్కుని వేళ్లు ముడిచి తెరిస్తే ఆకారం పోదు.

ఆరిన తోలుకు ఆముదమో, కొబ్బరినూనో రాయమని పెద్దలు చెబుతారు. బండి ఎద్దుల వారు తోలు పట్టెడలకు నూనె రాసేవారన్నది నిజం. కాని పట్టెడ జారితే థ్రాటిల్ జారదు. నూనె ఎక్కువైతే తోలు మరీ మెత్తబడి సాగుతుంది, సీమ దుమ్మునంతా పట్టేస్తుంది, అరచేయి గ్రిప్ మీద నిలవదు. తోలు కోసం అమ్మే కండిషనరును చేతి వీపున పలచగా, అదీ తోలు పొడిబారినట్టు కనిపించినప్పుడే రాయాలి. అరచేతిలో రాస్తే ఆ రోజుకు బండి తీయకపోవడం మంచిది.

గ్లౌజు ఆయువు గురించి పద్యం మౌనం వహించింది. ఆ లోటు టీకలో పూరించాలి. ఒకసారి గట్టిగా పడ్డాక స్లైడరు అరిగిందా, కుట్లు విడివడ్డాయా, అరచేతి తోలు పలచబడి నున్నగా మెరుస్తోందా అని వెలుగులో పట్టి చూడాలి. మూడింటిలో ఏది ఉన్నా ఆ గ్లౌజుకు ట్రాక్ చెల్లిపోయినట్టే; చెప్పులు కుట్టేవాడి దగ్గర దారం వేయించి మళ్లీ తొడుక్కుంటే కుట్టు మాత్రమే కొత్తది, దాని చుట్టూ తోలు పాతదే. అంత ధర పెట్టినది పారేయడానికి మనసొప్పకపోతే చేనిగట్ల మీద సర్కారు తుమ్మ కొట్టే మనిషికి ఇవ్వవచ్చు. ఆ ముళ్లకు అంతకన్నా మంచి గ్లౌజు కర్నూలు బజారులో దొరకదు.